మూడు నుంచి ఆరేళ్ళ పిల్లలు ఒకే గదిలో ఉంటే ముందు ఎవరి గురించి ఆలోచించాలి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. మూడేళ్ళు నిండి ఆరేళ్ళు నిండని పిల్లలు ఇరవై నాలుగు మందిని ఈ ఏడు ఒకే గదిలోకి తెచ్చారు. ఇద్దరు టీచర్లు ఉన్నారు. పొద్దున పూట ఏ పని చేయాలో పిల్లలే ఎంచుకుంటారు. ఇలా రెండు నెలలైంది. చిన్నవాళ్ళు సామగ్రి పెట్టిన ఒక అర దగ్గర్నుంచి ఇంకో అర దగ్గరికి తిరగడమే తప్ప దేన్నీ పూర్తి చేయడం లేదు. ఐదేళ్ళవాళ్ళు వాళ్ళ మీద పెత్తనం చేస్తున్నారు, లేకపోతే బోర్ కొడుతోందంటున్నారు. "ఈ చిన్నపిల్లల మధ్య మావాడు వెనకబడిపోడా?" అని తల్లిదండ్రులు అడుగుతున్నారు. పిల్లల ఇష్టాన్ని బట్టే నడవాలంటే టీచర్ ఎంతవరకు పక్కకు తప్పుకోవాలి, వచ్చే ఏడు రెండేళ్ళవాళ్ళను కూడా చేర్చుకోవచ్చా అని మీ సందేహం.

చాలా ఏళ్ళుగా ఇలాంటి గదుల్లో పనిచేస్తూ, కొత్త టీచర్లకు నేర్పుతూ వచ్చినదాన్ని కాబట్టి నాకు తోచింది సూటిగా చెబుతాను. మీ ఉత్తరంలో ఎక్కువ భాగం మూడేళ్ళవాళ్ళ గురించే ఉంది. నేనైతే ఐదేళ్ళవాళ్ళ గురించి టెన్షన్ పడతాను. అన్ని వయసులూ కలిసిన గదిలో చిన్నవాళ్ళు ఎలాగోలా నెట్టుకొస్తారు, వాళ్ళకు చూసి నేర్చుకోవడానికి చుట్టూ బోలెడంత ఉంటుంది. నష్టపోయే ప్రమాదం ఉన్నది పెద్దపిల్లలకే. ఆ నష్టం చాలా నెమ్మదిగా జరుగుతుంది, చూడ్డానికి మంచి ప్రవర్తనలా కూడా ఉంటుంది.

ముందు ఒక చిక్కు విప్పాలి. వయసులు కలపడం ఒకటి, పిల్లల చొరవతో నేర్పడం ఇంకొకటి. మీరు రెండూ ఒకేసారి మొదలుపెట్టారు కాబట్టి ఏ ఇబ్బంది దేనివల్ల వస్తోందో తెలియడం లేదు. ఇటలీలోని రెజ్జియో ఎమీలియా ప్రీస్కూళ్ళనే తీసుకోండి. లోరిస్ మాలగుజ్జి తీర్చిదిద్దిన ఆ పద్ధతికి పిల్లల ఆసక్తే ఆధారం. అయినా అక్కడ క్లాసులు చాలావరకు ఒకే వయసు పిల్లలవి. ఆ పిల్లలతోపాటు టీచర్లు కూడా మూడేళ్ళు సాగుతారు. దీనికి పూర్తి విరుద్ధంగా, మూడేళ్ళవాళ్ళనీ ఐదేళ్ళవాళ్ళనీ కలిపి కూర్చోబెట్టి అందరికీ ఒకే పాఠం చెప్పే క్లాసులూ ఉన్నాయి. మీకు రెండూ కలిసి కావాలంటే ఇటలీ విద్యావేత్త మరియా మాంటిస్సోరి వైపు చూడాలి.

1907 జనవరి 6న రోమ్‌లోని సాన్ లోరెంజో అనే పేదల వాడలో ఆమె మొదటి 'బాలల ఇల్లు' తెరిచారు. అక్కడ వయసులు కలవడానికి సిద్ధాంతం ఏమీ కారణం కాదు. తల్లిదండ్రులు పనికి వెళ్తే బడి వయసు రాని పిల్లలు మెట్ల మీదా గోడల మీదా పడి పాడుచేస్తున్నారని, అందరినీ ఒక గదిలో ఉంచి చూసుకోవడానికి ఒక మనిషిని పెట్టారంతే. పిల్లలే పని ఎంచుకోవడం కూడా ముందే అనుకున్నది కాదు. మాంటిస్సోరి చెప్పిన ప్రకారం, ఒకరోజు టీచర్ ఆలస్యంగా వచ్చింది, ముందురోజు బీరువాకి తాళం వేయడం మర్చిపోయింది. వచ్చి చూస్తే పిల్లలు ఎవరికి కావలసింది వాళ్ళు తీసుకుని పనిలో ఉన్నారు. టీచర్ దాన్ని దొంగతనం కింద లెక్కకట్టింది. మాంటిస్సోరి మాత్రం ఏది కావాలో వీళ్ళకు తెలుసని గ్రహించి, తాళాల బీరువాల బదులు పిల్లల ఎత్తుకు అందే అరలు పెట్టించారు. ఈ కథ చెప్పేవాళ్ళు చాలామంది ఒక ముక్క వదిలేస్తారు. ఆ పిల్లలకు ఆ వస్తువులన్నీ అప్పటికే పరిచయం. ఎలా వాడాలో ఒకరు చూపించాకే వాళ్ళు వాటిని ఎంచుకున్నారు.

మీ మూడేళ్ళవాళ్ళ తిరుగుడుకు సగం జవాబు ఇక్కడే ఉంది. ఎవరూ చూపించని వస్తువును ఎంచుకోవడం ఎంపిక కిందకు రాదు, తడుముకోవడం కిందకు వస్తుంది. ఒక్కొక్క పిల్లవాడి పక్కన కూర్చుని, మాటలు తగ్గించి, చేతులు నెమ్మదిగా కదిలిస్తూ, ఒక పనిని అరలోంచి తీయడం నుంచి తిరిగి పెట్టేదాకా చూపించాలి. ఇద్దరు టీచర్లకు ఇది మొదటి నెలల్లో చచ్చేంత పని. అందుకే కొత్త పిల్లలందరినీ ఒకే రోజు చేర్చుకోకూడదు, కొద్దికొద్దిమందిని కొన్ని వారాల తేడాతో తెచ్చుకోవాలి. ఈ ఏడుకి అది దాటిపోయింది. ఇప్పుడు చేయగలిగింది అరల మీద వస్తువులు తగ్గించడం. చిన్నవాళ్ళకు అందేచోట సగం తీసేయండి. "ఏం చేస్తావ్?" అని అడక్కుండా రెండు చూపించి "ఇదా, అదా?" అనండి. మూడేళ్ళ పిల్లకు అది పూర్తి స్వేచ్ఛే.

అయితే తిరిగేవాళ్ళందరూ ఊరికే తిరుగుతున్నారని అనుకోకండి. 1932లో మిల్డ్రెడ్ పార్టెన్ అనే పరిశోధకురాలు చిన్నపిల్లలు ఒకరితో ఒకరు ఎలా ఆడతారో గమనించి వర్గీకరించింది. ఒంటరిగా ఆడటం, పక్కపక్కనే ఉండి ఎవరి ఆట వాళ్ళు ఆడటం, కలిసి ఆడటం లాంటివాటితోపాటు 'చూస్తూ ఉండటం' కూడా ఆమె జాబితాలో ఒక రకం. మీ గదిలో చూడండి. ఒక పిల్లవాడు పెద్దవాళ్ళ చాప అంచున నిలబడి, చేతులు కదపకుండా, రెప్ప వేయకుండా చాలాసేపు చూస్తున్నాడంటే వాడు పనిలోనే ఉన్నట్టు. "రా నాన్నా, నువ్వూ ఏదైనా చెయ్యి" అని పిలిచారంటే వాడి పని చెడగొట్టినట్టే. అదే పిల్లవాడు ఒకటి ముట్టుకుని, వదిలేసి, ఇంకొకటి లాగి, తలుపు వైపు చూస్తున్నాడంటే అప్పుడు మీరు కావాలి. ఈ రెంటికీ తేడా కళ్ళలో తెలుస్తుంది. వారం రోజులు గమనిస్తే మీకూ పట్టుబడుతుంది.

ఇంకో సంగతి. పని మొదలైన గంట, గంటన్నరకు గది మొత్తం ఒక్కసారిగా గోలగా మారుతుంటుందా? మాంటిస్సోరి దీన్ని గ్రాఫులా గీసి చూపించారు. మొదట తేలికైన పనులు చేస్తారు, తర్వాత ఒక అలజడి వస్తుంది, అది సద్దుమణిగాక ఆ రోజుకల్లా కష్టమైన పనిలో మునుగుతారు. నడుమ వచ్చే ఆ అలజడిని ఆమె నిజమైన అలసటగా ఒప్పుకోలేదు. చాలామంది టీచర్లు సరిగ్గా అక్కడే కంగారుపడి "అందరూ రండి, సర్కిల్ టైమ్" అని గుండ్రంగా కూర్చోబెడతారు. దాంతో పెద్దపిల్లలు చేయబోయే అసలు పని ఆ రోజుకి మొదలే కాదు. ఎడతెగని మూడు గంటల సమయం అని మాంటిస్సోరి బడులు పట్టుబట్టేది ఇందుకే. మీ టైమ్‌టేబుల్‌లో పొద్దున పూట మధ్యలో ఏవైనా పాటలూ కథలూ ఉంటే చివరికి జరపండి. ఈ ఒక్క మార్పుతోనే మీ సమస్యలో మూడో వంతు తగ్గుతుందని నా అంచనా.

ఇక పెద్దవాళ్ళు. తల్లిదండ్రుల భయాన్ని కొట్టిపారేయకండి. అమెరికాలో ప్రభుత్వ నిధులతో నడిచే హెడ్ స్టార్ట్ ప్రీస్కూళ్ళ సమాచారంతో 2016లో అన్సారి, పర్టెల్, గెర్షాఫ్ అనే పరిశోధకులు ఒక అధ్యయనం ప్రచురించారు. మూడేళ్ళవాళ్ళు ఎక్కువగా ఉన్న క్లాసుల్లో నాలుగేళ్ళ పిల్లలు చదువు విషయాల్లో తక్కువ పురోగతి చూపించారు. పోనీ దానివల్ల మూడేళ్ళవాళ్ళకు చెప్పుకోదగ్గ మేలు జరిగిందా అంటే అదీ కనపడలేదు. ఇంకోవైపు, అదే సంవత్సరానికి పదేళ్ళ ముందు, 2006లో, మిల్వాకీ నగరంలోని ఒక మాంటిస్సోరి బడి గురించి ఏంజెలిన్ లిల్లార్డ్, నికోల్ ఎల్స్-క్వెస్ట్ ప్రచురించిన అధ్యయనం ఉంది. లాటరీలో ఆ బడిలో సీటు వచ్చిన పిల్లలనూ, రాక వేరే బడులకు వెళ్ళినవాళ్ళనూ పోల్చారు. మాంటిస్సోరి బడిలోని ఐదేళ్ళవాళ్ళు చదవడం, లెక్కలు, తోటివాళ్ళతో మెలగడం వంటివాటిలో మెరుగ్గా ఉన్నారు. వాళ్ళూ వయసులు కలిసిన గదుల్లోనే చదివారు.

రెండూ నిజమే ఎలా అవుతాయి? నేను అర్థం చేసుకున్నది ఇది. పిల్లల్ని కలిపినంత మాత్రాన ఏమీ రాదు. టీచర్ అందరికీ కలిపి చెప్పే క్లాసులో పాఠం తెలియకుండానే చిన్నవాళ్ళ స్థాయికి దిగుతుంది, పెద్దవాళ్ళు పోయిన ఏడు విన్నదే మళ్ళీ వింటారు. ఎవరి పని వాళ్ళు చేసుకునే గదిలో ఆ దిగడం ఉండదు. అయితే పెద్దవాళ్ళు ఎక్కడానికి పై మెట్లు నిజంగా గదిలో ఉండాలి. మాంటిస్సోరి బడి ఫలితాలకు కారణాలు చాలా ఉంటాయి, అదంతా వయసులు కలపడం పుణ్యమేనని నేనూ అనను. కానీ మీ అరల్ని ఒకసారి ఈ దృష్టితో చూడండి. ఆరేళ్ళకు దగ్గరపడిన పిల్లకు, వారం రోజులు తల బద్దలుకొట్టుకునేంత పని ఏముంది అక్కడ? చాలా గదుల్లో బ్లాక్స్, పజిళ్ళు, రంగులు, పూసలు కనపడతాయి. అన్నీ నాలుగేళ్ళకే అయిపోయేవి. అలాంటి గదిలో ఐదేళ్ళ పిల్లకు మిగిలిన ఒకే ఒక్క ఆసక్తికరమైన వస్తువు మూడేళ్ళ పిల్లవాడు. పెత్తనం అక్కడినుంచి పుడుతుంది.

కాబట్టి మొదట పెద్దవాళ్ళ అర నింపండి. వందల్లో, వేలల్లో లెక్కించే సామగ్రి, తమ మాటలతో తాము రాసుకుని కుట్టుకునే చిన్న పుస్తకాలు, గదిని కొలిచి గీసే పటం, నెల రోజులపాటు ఒక మొక్కనో నీడనో గమనించి రాసే నోట్‌బుక్ లాంటివి. ఇవి 'పెద్దవాళ్ళకు మాత్రమే' అని వయసుతో గీత గీయొద్దు. "ఎవరికి చూపించామో వాళ్ళు తీసుకోవచ్చు" అన్నది ఒక్కటే నియమం. చురుకైన నాలుగేళ్ళ పిల్ల ఒకటి అడిగి నేర్చుకుంటే అదీ మంచిదే. సగంలో ఆగిన పనిని రేపటిదాకా ఉంచుకునే చోటు కూడా కావాలి. పేరు రాసిన కార్డు పెడితే ఎవరూ కదపకూడదు. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది. కానీ గది సర్దే వేళకు కట్టిందంతా కూల్చాల్సి వస్తే పెద్దపిల్లలు పెద్ద పనులు మొదలుపెట్టడమే మానేస్తారు. మధ్యాహ్నం చిన్నవాళ్ళు పడుకున్నప్పుడు గది పూర్తిగా పెద్దవాళ్ళది. ఆ గంటను వర్క్‌షీట్లతో నింపకండి.

రెండోది, వాళ్ళను ఆయాల్లా వాడకండి. అన్నంత ఘాటుగానే అంటున్నాను. "నువ్వు పెద్దదానివి కదా, తమ్ముడికి బూట్లు వేయి" అన్న మాట రోజుకు ఎన్నిసార్లు వినపడుతుందో లెక్కపెట్టండి. చిన్నవాళ్ళకు నేర్పడం పెద్దవాళ్ళకు గొప్ప మేలు చేస్తుంది, నిజమే. తనకు తెలిసింది ఇంకొకరికి చెప్పాలంటే దాన్ని ముక్కలు చేసి, వరసలో పెట్టి, ఎదుటివాడి మొహం చూస్తూ మాట మార్చుకోవాలి. ఈ వయసు పిల్లలకు ఆ శక్తి ఉంది. 1973లోనే షాట్జ్, గెల్మన్ అనే పరిశోధకులు చూపించారు, నాలుగేళ్ళ పిల్లలు రెండేళ్ళవాళ్ళతో మాట్లాడేటప్పుడు తమంతట తామే వాక్యాలు చిన్నవి చేసి, తేలిక చేసి మాట్లాడతారని. కానీ ఆ మేలు జరిగేది పెద్దవాళ్ళకు నేర్పాలని ఉన్నప్పుడు, చిన్నవాళ్ళకు నేర్చుకోవాలని ఉన్నప్పుడు. మనం అప్పజెప్పిన చాకిరీలో అది ఉండదు.

నేర్పడం ఎలాగో కూడా నేర్పాలి. మీ ఐదేళ్ళవాళ్ళు చేస్తున్నది చూడండి, "అలా కాదు, ఇలా" అని చేతిలోంచి లాక్కుని చేసి పెట్టేస్తుంటారు. నేను టీచర్లకు చెప్పేది, దీన్ని అక్కడికక్కడ మందలించకండి. చివర్లో అందరూ కూర్చున్నప్పుడు ఇద్దరు టీచర్లూ కలిసి నాటకంలా ఆడి చూపించండి. ఒకసారి లాక్కునే అక్కలా, ఇంకోసారి "సాయం కావాలా?" అని అడిగి, "వద్దు" అంటే చేతులు వెనక్కి కట్టుకుని ఆగే అక్కలా. పిల్లలు పగలబడి నవ్వుతారు, మర్నాడు వాళ్ళే ఒకరికొకరు గుర్తుచేసుకుంటారు. చిన్నవాళ్ళకు కూడా "నేను చేసుకుంటా" అనే మాట గట్టిగా నేర్పండి.

ఈ పెత్తనానికి ఇంకో కారణం ఉంది, దానికి మీరు ఏమీ చేయలేరు. ఇప్పుడున్న ఐదేళ్ళవాళ్ళు ఈ గదిలో ఎప్పుడూ చిన్నవాళ్ళుగా లేరు. ఒక అక్క చెయ్యి పట్టుకుని నీళ్ళు వొంపడం చూపించిన అనుభవం వాళ్ళకు లేదు, మరి ఎవరిని చూసి నేర్చుకుంటారు? ఈ ఏటి మూడేళ్ళవాళ్ళు ఐదేళ్ళవాళ్ళయ్యేసరికి గది తీరే మారుతుంది. మొదటి ఏడాదిని చూసి పద్ధతిని తేల్చేయొద్దు. ఇందుకే మూడు వయసులూ దాదాపు సమానంగా ఉండేలా చూసుకోవాలి. పెద్దవాళ్ళు నలుగురే మిగిలితే వాళ్ళకు తోటివాళ్ళూ ఉండరు, గదికి ఒరవడీ ఉండదు.

టీచర్ ఎంతవరకు తప్పుకోవాలి అన్నారు. గొంతు తప్పుకోవాలి, మనిషి తప్పుకోకూడదు. ఒకరిని కొట్టకూడదు, వస్తువు పాడుచేయకూడదు, ఇంకొకరి పనిలో వేలు పెట్టకూడదు అనే హద్దుల విషయంలో పిల్లల ఇష్టం ఏమీ లేదు, అక్కడ మీ మాటే చెల్లాలి. మిగతా సమయంలో ఒక టీచర్ ఒక్కో పిల్లకు పని చూపిస్తుంటే, రెండో టీచర్ నోట్‌బుక్‌తో గమనించాలి. ఏం రాయాలి? "బాగా ఆడుకుంది" లాంటివి పనికిరావు. ఏది ఎంచుకుంది, ఎంతసేపు, ఎక్కడ ఆగిపోయింది, ఆగినప్పుడు ఎవరి వైపు చూసింది. ఈ నాలుగు రాస్తే రేపు అరలో ఏం పెట్టాలో దానంతటదే తెలుస్తుంది.

ఒక ఉదాహరణ. నీళ్ళ తొట్టి దగ్గర ఒక పిల్లవాడు చేతికందినవన్నీ పడేస్తున్నాడు. వద్దనకుండా, మర్నాడు రకరకాల వస్తువులు అక్కడ ఉంచారనుకోండి. మూడేళ్ళవాళ్ళకు వేయడం, తీయడం, చప్పుడు వినడమే చాలు. నాలుగేళ్ళవాళ్ళు మునిగేవీ తేలేవీ వేరు చేస్తారు. ఐదేళ్ళవాళ్ళ ముందు ఒక రేకు ముక్క పెట్టి, గట్టిగా నలిపి ఉండచుడితే మునిగేది, పడవలా వంచితే ఎందుకు తేలుతోందని మీరు పైకే ఆశ్చర్యపోవచ్చు. ఏ ఆకారంలో వంచితే ఎన్ని గోళీలు మోస్తుందో లెక్క రాసుకునేదాకా వెళ్తారు. మొదలుపెట్టింది పిల్లవాడే, కానీ దాన్ని మూడు లోతులకు తీసుకెళ్ళింది మీరు తెచ్చిపెట్టిన సామాను.

పెద్దవాళ్ళకు ఇంకొకటి కలపండి. డేవిడ్ వైకార్ట్ అమెరికాలోని ఇప్సిలాంటిలో 1960లలో మొదలుపెట్టిన హైస్కోప్ పద్ధతిలో, పిల్లలు ముందు ఏం చేస్తారో చెబుతారు, చేస్తారు, తర్వాత ఏం జరిగిందో చెబుతారు. మూడేళ్ళవాడు వేలితో చూపిస్తే సరిపోతుంది. ఐదేళ్ళ పిల్ల దగ్గర మాత్రం "మొదట ఏది? దానికేం కావాలి? నిన్న అనుకున్నది ఎందుకు కుదరలేదు?" దాకా వెళ్ళండి. బోర్ అంటున్న పిల్లల్లో చాలామందికి పని లేక కాదు, పనిని ముందుగా ఊహించుకునే అలవాటు లేక. ఆ కొద్ది నిమిషాలు మాట్లాడితే మార్పు త్వరగానే కనిపిస్తుంది.

తల్లిదండ్రులకు పరిశోధనల పేర్లు చెప్పకండి, విసుగు పుడుతుంది. వాళ్ళ పిల్లవాడి నోట్‌బుక్ తెరిచి, మొదటి వారం ఏం చేశాడో, ఇప్పుడు ఏం చేస్తున్నాడో చూపించండి. ఒకవేళ ఆ నోట్‌బుక్‌లో చూపించడానికి ఏమీ లేకపోతే వాళ్ళ భయం న్యాయమైనదే, ముందు అర సర్దుకుని తర్వాత మాట్లాడండి. ఒక మాట మాత్రం చేరే రోజునే చెప్పాలి. మూడో ఏడాది పిల్లవాణ్ణి బడిలోంచి తీసేస్తే, రెండేళ్ళు పెట్టిన శ్రమకు ఫలితం వచ్చే సమయంలో తీసినట్టే. పిల్లవాడు మొదటిసారి గదిలో పెద్దవాడయ్యేది ఆ ఏడాదే.

చివరిగా రెండేళ్ళవాళ్ళు. వచ్చే ఏడు వద్దు. వాళ్ళు ప్రతిదీ నోట్లో పెట్టుకుంటారు. బొమ్మల భద్రతా ప్రమాణాల్లో మూడేళ్ళలోపు పిల్లలకు ఒక పరీక్ష ఉంది. 31.7 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న చిన్న గొట్టంలో పూర్తిగా పట్టే వస్తువు ఏదైనా గొంతుకు అడ్డం పడే ప్రమాదం ఉన్నదే. ఆ లెక్కన పూసలు, గోళీలు, చిన్న అంకెల బిళ్ళలు, గింజలు అన్నీ గదిలోంచి తీసేయాలి, లేదా పై అరకెక్కించి తాళం వేయాలి. అవన్నీ ఎవరివి? ఐదేళ్ళవాళ్ళవి. పైగా ఒక టీచర్ పూర్తిగా డైపర్లు మార్చడానికీ ఏడుపులు సముదాయించడానికీ అంకితమవుతుంది, గమనించే మనిషి ఉండదు. రెండేళ్ళవాళ్ళకు వేరే గది ఇవ్వగలిగితే, బయట ఆడుకునే సమయం మాత్రం అందరికీ కలిపి పెట్టండి. చిన్నవాళ్ళకు పెద్దవాళ్ళను చూసే అవకాశం ఉంటుంది, మీ అరలు తెరిచే ఉంటాయి.